పళ్లెంలో మెదడు కణజాలం, బోనులో ఎలుక: ముందు ఎవరి బాధ చూడాలి?

అడిగిన ప్రశ్న, క్లుప్తంగా: "బయోటెక్నాలజీలో పీజీ చేస్తున్నాను. మనిషి మూలకణాల నుంచి మెదడు ఆర్గనాయిడ్లు (మెదడును పోలిన చిన్న కణజాల ముద్దలు) పెంచి, వాటిని ఎలుక పిల్లల మెదడులో నాటే ల్యాబ్‌లో ప్రాజెక్టు దొరికింది. ఆ ఆర్గనాయిడ్‌కు ఏమైనా తెలుస్తుందా, నొప్పి పుడుతుందా అని భయంగా ఉంది. ఆర్గనాయిడ్లు వచ్చాక ఇంకా జంతువులెందుకో అర్థం కావడం లేదు. చివర్లో ఎలుకల్ని చంపాలంటున్నారు, ఆ ఆలోచనతో నిద్ర పట్టడం లేదు. ఇందులో చేరడం తప్పా?"

చేరడం తప్పు కాదు. ఏమీ అడగకుండా చేరితే మాత్రం తప్పే అంటాను. నేను చాలా ఏళ్లు ఎలుకలతో నరాల జబ్బుల మీద పనిచేశాను. ఇప్పుడు ఎక్కువగా ఆర్గనాయిడ్లతో పని. జంతు ప్రయోగాలకు అనుమతులిచ్చే ఎథిక్స్ కమిటీలో కూడా ఉన్నాను. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

మీ మనసులో రెండు భయాలున్నాయి. ఆర్గనాయిడ్‌కు బాధ తెలుస్తుందేమో అన్నది అనుమానం. ఎలుకకు బాధ తెలుస్తుందన్నది ఖాయం. వార్తల్లో గోలంతా మొదటిదాని చుట్టూనే ఉంటుంది, ఎందుకంటే అందులో "మనిషి మెదడు" అన్న మాట ఉంది. అనుమానం ఉన్నచోట జాగ్రత్త పడాల్సిందే. కానీ ఖాయంగా తెలిసిన బాధను పక్కన పెట్టి అనుమానం గురించే చర్చించుకుంటూ కూర్చోవడం నాకు న్యాయంగా తోచదు.

ముందు ఆర్గనాయిడ్ సంగతి చూద్దాం. 2006లో జపాన్‌లో షిన్యా యమనాక బృందం చిట్టెలుక కణాలను వెనక్కి మళ్లించి, శరీరంలోని ఏ కణంగానైనా మారగల మూలకణాలుగా చేసింది. మరుసటి ఏడాదే మనిషి కణాలతోనూ అది సాధ్యమైంది. 2012లో ఆయనకు నోబెల్ వచ్చింది. 2013లో వియన్నాలో మాడలిన్ లాంకాస్టర్, యుర్గెన్ నాబ్లిక్ బృందం ఇంకో అడుగు వేసింది. అలాంటి మూలకణాలకు తగిన ద్రవం, పట్టుకోవడానికి తగిన జెల్ ఇస్తే, అవి తమంతట తామే ముద్దకట్టి పిండదశలోని మెదడు పొరల్లాంటి అమరికకు వస్తాయని చూపించింది.

మెదడు ఆర్గనాయిడ్ అన్న మాట వినగానే గాజు పాత్రలో ఓ బుల్లి మెదడు తేలుతున్నట్టు ఊహించుకుంటాం. ఇంక్యుబేటర్ తలుపు తీస్తే కనిపించేది అది కాదు. గులాబీ రంగు ద్రవంలో మెల్లగా తిరుగుతూ, కందిగింజంత ఉండే తెల్లటి మసక ముద్దలు. 37 డిగ్రీల వెచ్చదనం, 5 శాతం కార్బన్ డయాక్సైడ్. ద్రవం మార్చడం ఆలస్యమైతే గులాబీ పసుపుకు తిరుగుతుంది, అంటే ఆమ్లం పెరిగింది, కణాలు ఇబ్బందిలో పడ్డాయని అర్థం. వీటికి రక్తనాళాలు లేవు. ఆక్సిజన్ బయటి నుంచి లోపలికి ఇంకాలి, అది కొంత లోతు వరకే సాధ్యం. ముద్ద పెరిగేకొద్దీ నడిమి భాగం చచ్చిపోతుంది. పలచగా కోసి, రంగు వేసి మైక్రోస్కోప్ కింద పెడితే మధ్యలో చనిపోయిన కణాల మేట కనిపిస్తుంది. మొదట్లో పరిమాణం కొన్ని మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోయింది అందుకే.

అయినా ఆ ముద్దలో న్యూరాన్లు బతికి ఉంటాయి, ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. 2019లో శాన్ డియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆలిసన్ ముయోత్రి బృందం నెలల తరబడి పెంచిన ఆర్గనాయిడ్లలో విద్యుత్ తరంగాలు నమోదు చేసింది. వాటిలో కొన్ని లక్షణాలు నెలలు నిండకుండా పుట్టిన పిల్లల ఈఈజీలోని (మెదడు విద్యుత్ తరంగాల నమోదులోని) లక్షణాలను పోలి ఉన్నాయని రాసింది. మీ భయానికి మూలం ఈ వార్తే అయి ఉండవచ్చు. అక్కడ పోల్చింది తరంగాల్లోని కొన్ని కొలతలను మాత్రమే. రెండు చోట్లా లయ ఒకలా ఉన్నంత మాత్రాన రెండు చోట్లా అదే అనుభవం ఉందని తేలదు. గాఢమైన మత్తులో ఉన్న మనిషి మెదడులోనూ తరంగాలు నడుస్తూనే ఉంటాయి.

"ఎన్ని న్యూరాన్లు ఉంటే స్పృహ వస్తుంది?" అని చాలామంది అడుగుతారు. ఈ లెక్క మనల్ని దారి తప్పిస్తుంది. మనిషి మెదడులో సుమారు 8,600 కోట్ల న్యూరాన్లున్నాయి. వాటిలో దాదాపు 80 శాతం వెనకవైపు ఉండే చిన్నమెదడులోనే ఉన్నాయి. అయినా చిన్నమెదడు లేకుండానే పుట్టి, నడక, మాట కాస్త తడబడుతున్నా అందరిలాగే బతికిన మనుషులు వైద్య చరిత్రలో ఉన్నారు. వాళ్ల స్పృహకు ఏ లోటూ లేదు. కాబట్టి సంఖ్య కంటే అల్లిక ముఖ్యం. ఏ భాగం ఏ భాగంతో కలుస్తోంది, సమాచారం ఒకచోటి నుంచి ఇంకోచోటికి వెళ్లి తిరిగి వస్తోందా, బయటి ప్రపంచం నుంచి లోపలికి దారి ఉందా అన్నవి చూడాలి. నేటి మామూలు ఆర్గనాయిడ్‌లో ఆ దారి లేదు. కన్ను లేదు, చర్మం లేదు, కదపడానికి కండరం లేదు.

నొప్పి సంగతి కొంచెం నిదానంగా చూడాలి. మెదడు కణజాలానికి సొంతంగా నొప్పిని పట్టే నరాలు లేవు, అందుకే కొన్ని మెదడు సర్జరీలు రోగి మెలకువగా ఉండి డాక్టరుతో మాట్లాడుతుండగానే జరుగుతాయి. శరీరంలో ఎక్కడో గాయమైతే ఆ సమాచారం వెన్నుపాము మీదుగా మెదడు లోపలి థాలమస్‌కు, అక్కడి నుంచి మెదడు పై పొరకు చేరి నొప్పిగా తెలుస్తుంది. ఒంటరి ఆర్గనాయిడ్‌లో ఈ గొలుసు లేదు. కానీ 2025లో స్టాన్‌ఫర్డ్‌లో సెర్జియు పాష్కా బృందం నాలుగు రకాల ఆర్గనాయిడ్లను వరసగా జతచేసి ఆ గొలుసునే పళ్లెంలో కట్టింది. ఒక చివర ఇంద్రియ న్యూరాన్లు, తర్వాత వెన్నుపాము భాగం, థాలమస్ భాగం, ఇంకో చివర పై పొర. మొదటి చివర మిరపకాయలో మంట పుట్టించే క్యాప్సైసిన్ పెడితే సంకేతం గొలుసు వెంట కదిలింది. నొప్పి మందుల పరిశోధనకు ఇది చాలా విలువైన సాధనం. సంకేతం నడవడం వేరు, నొప్పిని అనుభవించడం వేరు. నొప్పిని "భరించలేను" అనిపించే భాగాలు ఈ గొలుసులో లేవు. అయినా "ఆర్గనాయిడ్‌కు నొప్పి దారే లేదు" అని పదేళ్ల కింద ధీమాగా చెప్పిన సమాధానం ఇప్పుడు అంత పూర్తి సమాధానం కాదు.

ఇక్కడ నా తోటి శాస్త్రవేత్తలు కొందరితో నాకు పడదు. "కచ్చితంగా ఏమీ తెలియదు దానికి" అని కొట్టిపారేస్తారు. మన వృత్తి చరిత్ర చూస్తే ఆ ధీమాకు మనకు అర్హత లేదు. 1980ల మధ్య వరకు చాలాచోట్ల అప్పుడే పుట్టిన పిల్లలకు గుండె దగ్గర సర్జరీలు కూడా పైపై మత్తుతో, కండరాలు కదలకుండా చేసే మందుతో కానిచ్చేవాళ్లు. పసిగుడ్డు మెదడు ఇంకా ఎదగలేదు, నొప్పి తెలియదు, తెలిసినా గుర్తుండదు అని నమ్మకం. 1987లో కె.జె.ఎస్. ఆనంద్, ఆయన సహచరులు నెలలు నిండని పిల్లల్లో బలమైన నొప్పి మందు ఇచ్చినప్పుడు, ఇవ్వనప్పుడు ఒంట్లో ఒత్తిడి హార్మోన్లను కొలిచి చూపించారు. మందు అందని పిల్లల్లో ఆ హార్మోన్లు బాగా పెరిగాయి, సర్జరీ తర్వాత ఇబ్బందులూ ఎక్కువయ్యాయి. ఆ తర్వాతే పద్ధతి మారింది. ఆ పిల్లలు చెప్పలేకపోయారు, కదలకుండా మనమే చేశాం, కదలడం లేదు కాబట్టి బాధ లేదనుకున్నాం.

2006లో ఏడ్రియన్ ఓవెన్ బృందం చూపించినదీ ఇలాంటిదే. ప్రమాదం తర్వాత స్పృహ లేనట్టే పడి ఉన్న 23 ఏళ్ల యువతిని స్కానర్‌లో ఉంచి, టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకోమన్నారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు ఊహించుకున్నప్పుడు పనిచేసే భాగాలే ఆమె మెదడులోనూ పనిచేశాయి. పక్కన నిలబడి చూసేవాళ్లకు మాత్రం ఏ కదలికా లేదు. మనకు పరిచయమున్న మెదడు, మనకు పరిచయమున్న శరీరం, అక్కడే ఇంత పొరబడ్డాం. శరీరమే లేని కణజాలం విషయంలో మనకు ఒప్పుకోలు ఉన్న పరీక్ష ఒక్కటీ లేదు. స్పృహ మీద ఉన్న ప్రధాన సిద్ధాంతాలే ఒకదానితో ఒకటి విభేదిస్తాయి. ఒకటి చిన్న అల్లికలోనూ కాసింత స్పృహ ఉండవచ్చంటుంది, ఇంకొకటి మెదడంతా సమాచారం పంచుకునే పెద్ద ఏర్పాటు ఉంటేనే అంటుంది.

మరి ఏం చేయాలి? నాకు నచ్చిన నమూనా 2019లో యేల్‌లో నెనాద్ షెస్తాన్ బృందం చేసిన పని. మాంసం కోసం కోసిన పందుల తలలు తీసుకుని, చనిపోయిన నాలుగు గంటల తర్వాత మెదడులోకి ప్రత్యేక ద్రవం ప్రవహింపజేస్తే, కణాల పనులు చాలావరకు తిరిగి మొదలయ్యాయి. సంచలనం అంతా దాని చుట్టూ జరిగింది. నన్ను ఆకట్టుకున్నది వేరే విషయం. ఆ ద్రవంలో న్యూరాన్ల విద్యుత్ చర్యను ఆపే మందును ముందే కలిపారు. మెదడంతటా స్పృహను సూచించే తరంగాలు కనిపిస్తాయేమోనని కనిపెట్టుకుని ఉన్నారు. కనిపిస్తే వెంటనే మత్తు ఇచ్చి, చల్లబరిచి ఆపేయడానికి సిద్ధంగా ఉన్నారు. అలాంటి తరంగాలేవీ రాలేదు. గీత ఎక్కడో ముందే గీసుకుని మొదలుపెట్టారు. ఫలితం ఉత్సాహంగా ఉన్నప్పుడు గీత గీయడం ఎవరి వల్లా కాదు, ఇంకొంచెం ముందుకు జరుపుదాం అనిపిస్తుంది.

మూలకణ పరిశోధకుల అంతర్జాతీయ సంఘం 2021లో సవరించిన మార్గదర్శకాల్లో, ఆర్గనాయిడ్లకు స్పృహ, నొప్పి ఉన్నాయనడానికి ప్రస్తుతం ఆధారం లేదు కాబట్టి పళ్లెంలో పెంచినంత వరకు ప్రత్యేక పర్యవేక్షణ అక్కర్లేదని చెప్పింది. ఆనాటికి అది సరైన మాటే. కానీ జత కట్టిన గొలుసులు, నెలల తరబడి పెంచడం, బయటి నుంచి సంకేతాలు ఇస్తూ నేర్పించడం ఇవన్నీ కలిసి వచ్చే పనికి నా ల్యాబ్‌లో నేను ముందస్తు సమీక్ష అడుగుతాను. రూలు అడగకపోయినా.

నేర్పించడం అన్నాను కాబట్టి ఒక మాట. 2022లో మెల్‌బోర్న్‌లోని కార్టికల్ ల్యాబ్స్ సంస్థ, ఎలక్ట్రోడ్ల మీద పెంచిన దాదాపు 8 లక్షల న్యూరాన్లు పాంగ్ అనే పాత వీడియో గేమ్‌లో బంతిని కొట్టడం నేర్చుకున్నాయని ప్రచురించింది. బంతి తగిలితే క్రమబద్ధమైన సంకేతం, తప్పితే అడ్డదిడ్డమైన సంకేతం ఇచ్చారు. అది ఆర్గనాయిడ్ కాదు, పలచగా పరిచిన కణాలు. అందులో "ఇంద్రియానుభవం" అన్న అర్థం వచ్చే మాట వాడటం మీద చాలామంది న్యూరోసైంటిస్టులు గట్టిగా అభ్యంతరం చెప్పారు. నేనూ వాళ్ల పక్షమే. లేనిదాన్ని ఉందని చెబితే జనంలో భయం పెరుగుతుంది, రేపు నిజంగా ఏదైనా ఉన్నప్పుడు నమ్మేవాళ్లు ఉండరు. 2025లో ఆ సంస్థ బతికున్న న్యూరాన్లతో పనిచేసే కంప్యూటర్‌ను అమ్మకానికి పెట్టింది. ఇక్కడ నన్ను కలవరపెట్టేది స్పృహ కన్నా ముందు సమ్మతి.

ఎందుకంటే ప్రతి ఆర్గనాయిడ్ వెనక ఒక మనిషి ఉన్నారు, కాస్త చర్మమో రక్తమో ఇచ్చినవాళ్లు. 1951లో హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి మహిళ కాన్సర్ కణాలను ఆమెకు తెలియకుండా తీసుకుని పెంచారు. ఆ కణాలు ప్రపంచమంతా తిరిగాయి, ఎన్నో ఆవిష్కరణలకు పనికొచ్చాయి, కొందరికి డబ్బూ తెచ్చాయి. కుటుంబానికి ఆ సంగతి తెలిసింది రెండు దశాబ్దాల తర్వాత. వాళ్లు వేసిన దావాలో ఒక పెద్ద సంస్థతో రాజీ కుదిరింది 2023లో. తన బిడ్డ జబ్బుకు మందు దొరుకుతుందని రక్తం ఇచ్చిన తల్లి, అదే కణాలతో జంతువు మెదడులో నాట్లు వేస్తారంటే, లేదా యంత్రంలో పెట్టి అమ్ముతారంటే, ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. అడగాలి. "భవిష్యత్ పరిశోధనలకు" అన్న ఒక్క వాక్యం కింద అన్నీ దాచేయకూడదు. మీరు చేరబోయే ల్యాబ్‌లో దాతలు సంతకం చేసిన ఫారం ఒకటి తెప్పించుకుని చదవండి. జంతువుల్లో నాటుతామన్న విషయం అందులో స్పష్టంగా ఉందో లేదో చూడండి.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. ఆర్గనాయిడ్లున్నాక జంతువులెందుకు?

కొన్ని పనులకు నిజంగానే అక్కర్లేదు. బ్రెజిల్‌లో జికా వైరస్ సోకిన తల్లులకు తల చిన్నగా ఉన్న పిల్లలు పుడుతున్నారని 2015లో గగ్గోలు పుట్టింది. వైరస్సే కారణమా అన్న ప్రశ్నకు 2016లో ఆర్గనాయిడ్లు త్వరగా జవాబిచ్చాయి. వైరస్ ఎదుగుతున్న మెదడులో న్యూరాన్లకు పుట్టుకనిచ్చే కణాలనే ఎక్కువగా పట్టుకుని చంపుతోందని, ముద్దల పరిమాణం తగ్గుతోందని పళ్లెంలోనే కనిపించింది.

ఇంకొన్నిటికి జంతువే సరైన సాధనం కాదు. థాలిడోమైడ్ అనే మందు 1950ల చివర గర్భిణులకు ఇచ్చి, పదివేలమందికి పైగా పిల్లలు చేతులూ కాళ్లూ సరిగా లేకుండా పుట్టారు. ఆ అవకరం మామూలు ఎలుకల్లో సరిగా బయటపడదు, కొన్ని కుందేలు జాతుల్లో పడుతుంది. 2006లో లండన్‌లో టీజీఎన్1412 అనే మందును ఆరుగురు ఆరోగ్యవంతులకు ఎక్కించారు. కోతుల్లో ఏ హానీ చేయని మోతాదులో 500వ వంతే ఇచ్చారు. అయినా ఆరుగురూ అవయవాలు దెబ్బతిని ఐసీయూలో పడ్డారు. అదృష్టం కొద్దీ బతికారు. జంతువుకు మంచిదైతే మనిషికీ మంచిదే అనుకునే రోజులు పోయాయి. అమెరికాలో 2022 చివర్లో వచ్చిన చట్టం, మనుషుల మీద పరీక్షకు ముందు ప్రతి మందునూ జంతువుల మీద చూడాల్సిందేనన్న పాత నిబంధనను తొలగించి, కణాలతో, కంప్యూటర్ నమూనాలతో చేసే పరీక్షలకూ దారి తెరిచింది. ఇది రావాల్సిన మార్పు.

కానీ ప్రవర్తన, నిద్ర, జ్ఞాపకం, ఫిట్స్ ఒంటినంతా పట్టుకున్నప్పుడు ఏమవుతుంది, మందు కాలేయం దాటి మెదడుకు ఎంత చేరుతుంది, ఇలాంటివి పళ్లెంలో చూడలేం. జంతువులకు బదులు ఆర్గనాయిడ్లు అని ఎవరైనా ఘనంగా చెబితే, ఆ ముద్ద దేని మీద పెరిగిందో కూడా అడగండి. వియన్నా పద్ధతిలో వాడిన, ఇప్పటికీ చాలాచోట్ల వాడుతున్న మాట్రిజెల్ అనే జెల్, చిట్టెలుకల్లో పెంచిన కంతి నుంచి తీసింది. కణాలను పెంచే ద్రవాల్లో చాలాకాలంగా వాడే సీరం, కోతకు వెళ్లిన చూడి ఆవుల కడుపులోని దూడ రక్తం నుంచి వస్తుంది. జంతువు కంటికి కనబడదు, అంతే. సీరం లేని ద్రవాలు, కృత్రిమ జెల్‌లు వస్తున్నాయి. మీ ల్యాబ్ అటు మారే ప్రయత్నంలో ఉందా అని అడగడం కూడా మీ హక్కే.

ఇక మీ ప్రాజెక్టు సరిగ్గా ఈ రెండూ కలిసే చోట ఉంది. పళ్లెంలో రక్తనాళాలు లేక, సంకేతాలు రాక ఆగిపోయే కణజాలాన్ని జంతువు మెదడులో నాటితే ఎదుగుతుంది. 2018లో సాల్క్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు చిట్టెలుకలో నాటినప్పుడు దాని రక్తనాళాలు మనిషి కణజాలంలోకి అల్లుకున్నాయి. 2022లో పాష్కా బృందం పుట్టి కొద్ది రోజులే అయిన ఎలుక పిల్లల్లో నాటింది. నాటుకున్న ముద్ద మెదడు ఒక పక్కలో దాదాపు మూడో వంతు దాకా ఆక్రమించింది. న్యూరాన్లు పళ్లెంలో పెరిగినవాటికంటే సుమారు ఆరు రెట్లు పెద్దవయ్యాయి. ఎలుక మీసాలను కదిపితే మనిషి న్యూరాన్లు స్పందించాయి. వెలుగుతో ఆ న్యూరాన్లను ప్రేరేపిస్తే నీళ్లు దొరుకుతాయని ఎలుకలు నేర్చుకున్నాయి. ఆ పద్ధతి వల్లే 2024లో టిమొతీ సిండ్రోమ్ అనే అరుదైన, తీవ్రమైన జన్యు జబ్బుకు ఒక మందు నమూనాను, ఎలుకలో నాటిన రోగుల న్యూరాన్ల మీద పరీక్షించి, లోపం సరవుతోందని చూపించగలిగారు. ఆ జబ్బున్న పిల్లల తల్లిదండ్రులకు ఇది చిన్న విషయం కాదు. అందుకే ఈ పని ఆపేయాలని నేననను.

"ఎలుక మనిషిలా ఆలోచిస్తుందా?" అని జనం అడిగేది ఇక్కడే. ఆ ఎలుకలకు జ్ఞాపకంలో, బెదురులో తేడా వచ్చిందా, ఫిట్స్ వచ్చాయా అని చూశారు, రాలేదు. ఎలుక మెదడు త్వరగా ఎదిగిపోతుంది, మనిషి న్యూరాన్లకు ఎదగడానికి చాలా కాలం కావాలి, అందువల్ల కలిసిపోవడానికి హద్దు దానంతట అదే పడుతుంది. కోతుల్లో ఆ హద్దు అంత గట్టిగా ఉండదు, అక్కడ నేను ఒప్పుకోను. అయితే అన్ని కణాలూ ఒకటి కాదు. 2013లో అమెరికాలోని రాచెస్టర్ విశ్వవిద్యాలయ బృందం న్యూరాన్లకు తోడుండే మనిషి గ్లియా కణాలను చిట్టెలుకల్లో నాటితే అవి కొన్ని పరీక్షల్లో మామూలు చిట్టెలుకల కంటే త్వరగా నేర్చుకున్నాయి. అవి మనుషులైపోలేదు. కానీ ఒక జంతువు గ్రహింపు పెరిగిందంటే దాని బోను, దాని ఒంటరితనం, దాని భయం కూడా అదే కొలతలో పెద్దవవుతాయి కదా. మనిషితనం వచ్చిందా లేదా అన్న వాదనకంటే ఈ ప్రశ్న నాకు ఎక్కువ పనికొచ్చింది: నాటడం వల్ల ఈ జంతువు జీవితం మారిందా, మారితే దానికి తగ్గట్టు మనం ఏం మార్చాం?

మీ ప్రాజెక్టులో వాడే ఎలుకలు బహుశా రోగనిరోధక శక్తి లేనివై ఉంటాయి, లేకపోతే నాటిన కణాలను శరీరం తిరస్కరిస్తుంది. వాటికి చిన్న ఇన్‌ఫెక్షన్ కూడా ప్రాణం మీదికి తెస్తుంది. పుర్రెకు రంధ్రం పెట్టే సర్జరీ ఉంటుంది. బాధలో ఉన్న ఎలుక అరవదు. వీపు గూనిగా పెట్టి ఓ మూల ముడుచుకుంటుంది. బొచ్చు నిక్కబొడుచుకుంటుంది. కళ్లు సగం మూతపడతాయి, ముక్కు, బుగ్గలు చదునైపోతాయి. కళ్ల చుట్టూ, ముక్కు దగ్గర ఎర్రటి మరక కనిపిస్తుంది. కొత్తవాళ్లు దాన్ని రక్తం అనుకుంటారు, అది ఒత్తిడిలో కంటి వెనక గ్రంథి నుంచి వచ్చే స్రావం. ముఖ కవళికలు చూసి నొప్పికి మార్కులు వేసే పద్ధతి చిట్టెలుకలకు 2010లో, ఎలుకలకు మరుసటి ఏడాది వచ్చింది. చేరిన మొదటి వారంలోనే అది నేర్పమని అడగండి.

ఒకసారి మా కమిటీకి వచ్చిన దరఖాస్తులో, పుర్రె సర్జరీ తర్వాత నొప్పి మందు ఇవ్వబోమని రాశారు. మందు ఇస్తే ఫలితాలు మారిపోతాయని కారణం. మారతాయని ఎప్పుడైనా చూశారా అని అడిగాం. చూడలేదు. వెనక్కి పంపాం. వాళ్లు చిన్న గుంపులో మందు ఇచ్చి చూసుకున్నారు. వాళ్లు కొలిచే అంశంలో తేడా రాలేదు. మందుతో సహా కొత్త దరఖాస్తు పెట్టారు, అనుమతి ఇచ్చాం. అంతకుముందు కొన్నేళ్లపాటు అదే సర్జరీ అదే పద్ధతిలో మందు లేకుండా జరిగింది. చేసినవాళ్లు క్రూరులేమీ కాదు, మర్యాదస్తులు, ఎలుకల్ని ప్రేమగా చూసేవాళ్లు. అడిగేవాళ్లు లేకపోవడమే కారణం.

1959లో విలియం రస్సెల్, రెక్స్ బర్చ్ మూడు సూత్రాలు చెప్పారు: వీలైతే జంతువు బదులు వేరేది వాడండి, సంఖ్య తగ్గించండి, బాధ తగ్గించండి. ప్రతి ఫారంలోనూ ఇవి ఉంటాయి, ప్రతివాళ్లూ నింపుతారు. సంఖ్య తగ్గించడంలో మాత్రం ఒక పొరపాటు తరచూ చూస్తాను. మరీ తక్కువ జంతువులతో చేస్తే ఫలితం ఎటూ తేలదు, వాడినవన్నీ వృథా అయినట్టే. తేలని ఫలితాన్ని ప్రచురించకుండా సొరుగులో పడేస్తే ఇంకో ల్యాబ్ అదే ప్రయోగం మళ్లీ చేస్తుంది, మళ్లీ ఎలుకలు పోతాయి.

అందుకని మీ గైడ్‌ను కలిసినప్పుడు ఇవి అడగండి. ఈ ప్రశ్నకు పళ్లెంలో జవాబు దొరకదని ఎలా నిర్ధారించుకున్నారు? ఇన్ని ఎలుకలే ఎందుకు, లెక్క ఎలా వేశారు? సర్జరీ తర్వాత నొప్పి మందు ఏమిటి, ఎన్ని గంటలకోసారి? ఏ లక్షణం కనిపిస్తే ప్రయోగం ఆపి ఆ జంతువుకు విముక్తి ఇస్తారు, ఆ నిర్ణయం ఎవరిది, అర్ధరాత్రి అయితే ఎవరికి ఫోన్ చేయాలి? నాటిన తర్వాత ఫిట్స్ వస్తున్నాయేమో ఎలా కనిపెడతారు? ఆదివారాలు, సెలవు రోజుల్లో బోన్లు ఎవరు చూస్తారు? చివరి ప్రశ్నకు గైడ్ తడుముకుంటే నేనైతే ఆలోచనలో పడతాను. పేపర్లు ఎన్ని రాశారన్నదానికంటే యానిమల్ హౌస్‌లో పనిచేసే సిబ్బంది వాళ్ల గురించి ఏమంటారో కనుక్కోండి, అసలు సంగతి అక్కడ తెలుస్తుంది. ఇలాంటివి అడిగిన విద్యార్థిని చూసి విసుక్కునే ల్యాబ్ అయితే ఇంకోచోట చూసుకోవడం మంచిది. మంచి గైడ్ సంతోషిస్తారు.

చంపడం గురించి. మీకు నిద్ర పట్టకపోవడం బలహీనత కాదు, అది పోకూడదు కూడా. మెదడును పలచగా కోసి చూడాలంటే ఆ పని తప్పదు. సరిగా చేస్తే లోతైన మత్తులో, ఎలుకకు తెలియకుండా జరిగిపోతుంది. కాలి వేలు గట్టిగా నొక్కి, కాలు వెనక్కి లాక్కోవడం లేదని నిర్ధారించుకున్నాకే ముందుకు వెళ్లాలి. మిగతా ఎలుకలున్న గదిలో ఆ పని చేయకూడదు. చేతులు వణికే మనిషి తొందరలో చేస్తే బాధ ఎక్కువవుతుంది, కాబట్టి చనిపోయిన జంతువుల మీద, పశువైద్యుల పక్కన నిలబడి, చేయి కుదిరేదాకా సాధన చేశాకే మొదలుపెట్టాలి. అంతకుముందు కొన్ని వారాలు ఎలుకల్ని రోజూ చేతిలోకి తీసుకుని అలవాటు చేయండి. తోక పట్టి ఎత్తొద్దు, చిట్టెలుకలనైతే గొట్టంలోకి రానిచ్చి గానీ అరచేతుల్లోకి తీసుకుని గానీ ఎత్తితే బెదురు బాగా తగ్గుతుందని 2010లోనే తేలింది. మీకు అలవాటైన ఎలుక చివరి రోజున మీ చేతిలో భయపడదు. మీకు ఆ రోజు ఇంకా కష్టంగా ఉంటుంది, అది నిజమే.

ఆ ఒక్క పని మీ వల్ల కాదనుకుంటే చేరే ముందే చెప్పండి. చాలా ల్యాబ్‌లలో ఆర్గనాయిడ్లు పెంచేవాళ్లు, సర్జరీ చేసేవాళ్లు, కణజాలం విశ్లేషించేవాళ్లు వేరువేరుగా ఉంటారు. పని అలా పంచుకోవచ్చు, అడిగితే ఒప్పుకుంటారు కూడా. ఏ పనులు మీవి, ఏవి కావు అన్నది ఈమెయిల్‌లో రాయించుకుని మొదలుపెట్టండి.